ఎడమచేతి ముడి

ఆ ఏడాది అక్టోబరు మొదటివారంలో హాస్టల్ గది ఖాళీ చేసి, ఒక ఇనపపెట్టె వెంటేసుకుని కావలి స్టేషన్లో దిగాను. అది రెండువేల పదిహేడు. చెన్నైలో నా ఫెలోషిప్ గడువు ఐదేళ్ళూ అయిపోయింది. ఇక మిగిలింది థీసిస్ రాయడం ఒక్కటే, అది ఇంట్లో కూర్చుని కూడా రాసుకోవచ్చని మా సార్ పంపించారు. తమ్ముడు పెంచలకృష్ణ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. పెట్టెకి ఒకవైపు పిడి వాడు, రెండోవైపు పిడి నేను పట్టుకున్నాం.

"ఏముందక్కా దీంట్లో, రాళ్ళా?" అన్నాడు.

"పుస్తకాలు," అన్నాను.

అబద్ధం కాదు, పుస్తకాలే. వాటి అడుగున పాత చున్నీలో చుట్టిన తాడు ముక్క ఒకటుంది. దాని సంగతి నాకూ ముత్యాలయ్య మామకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆటో హైవే దాటి తూర్పుకి తిరిగి, రొయ్యల గుంటల మధ్య రోడ్డు ఎక్కేదాకా కృష్ణ నోరు విప్పలేదు. గుంటల దగ్గరే వాడికి కాపలా పని. గాలిచక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయా, ఆగిపోయాయా అని చూస్తూ కూర్చోవడం. పన్నెండో ఏటనే నాయనతో పడవెక్కినవాడు, ఇరవై నాలుగేళ్ళకి చెరువు గట్టుమీద కుర్చీలో పడ్డాడు.

"కాపులు మళ్ళీ పిలిచినారక్కా," అన్నాడు. "కార్తీక పున్నమి లోపల తేల్చమన్నారు."

"ఏం తేల్చాలి?"

"తెలీనట్టు అడగబాక."

కాపులంటే మా పాలెం పెద్దలు. సముద్రానికి పోయి తిరిగిరాని మనిషి విషయంలో మా పాలెంలో ఒక పద్ధతి ఉంది. శవం దొరక్కపోతే దర్భతో బొమ్మ చేసి, దాన్ని తగలబెట్టి కర్మ జరిపిస్తారు. అయితే ఆ పని చెయ్యమని చెప్పే హక్కు కాపులకి లేదు, కొడుక్కి లేదు, మంత్రాలు చదివే అయ్యవారికి అసలే లేదు. కట్టుకున్న ఆడది ఒడ్డున నలుగురి ముందూ నిలబడి, తన నోటితో తను 'పోయినాడు' అనాలి. ఆ మాట అనేదాకా మనిషి బతికున్నట్టే. ఊరంతా కలిసి లాగే పెద్దవలలో అతని వంతు అతని పేరు మీదే ఉంటుంది. ఒక ఇంటికి ఒకటే వంతు కాబట్టి కొడుక్కి రాదు. వంతు లేని మగాణ్ణి ఎవరూ పడవెక్కించుకోరు.

మా అమ్మ మాలకొండమ్మ రెండేళ్ళుగా ఆ మాట అనలేదు. అననివ్వకుండా ఆపింది నేను.

రెండేళ్ళ కిందట దీపావళి ఇంకా మూడు రోజులుందనగా మా నాయన మస్తానయ్య ఒక్కడే పడవ తోసుకుని వెళ్ళాడు. అంతకు ముందురోజు వేసిన వల లోపలే ఉండిపోయింది. వాయుగుండమని తెల్లారకముందు నుంచీ మైకులో చెబుతూనే ఉన్నారు. ఇరవయ్యేళ్ళు నాయనతో ఒకే పడవలో పోయిన ముత్యాలయ్య మామ, "వల పోతే పోయిందన్నా, మనం పోగూడదు," అని ఒడ్డునే నిలబడిపోయాడు. నాయన నవ్వి ఇంజను తిప్పాడు. నాయనా రాలేదు, పడవా రాలేదు.

పన్నెండో రోజున అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "అంత చదువుకున్నావు గదా పాపా. నీరు ఎటు పోతా ఉందో చూసి చెప్పు," అంది. అడిగింది కన్నతల్లి. నాకు తెలిసిన పని లెక్కలు కట్టడం. మ్యాపు తెరిచి, ఈ నెలల్లో మన ఒడ్డున నీరు దక్షిణానికి పోతుంది, ఇంజను ఆగిన పడవ సిలోను వైపు కొట్టుకుపోతుంది అని గీత గీసి చూపించాను. అమ్మ మొహంలోకి రక్తం వచ్చింది. అప్పుడే ఆపేసి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి వచ్చినా సిలోను నుంచి కబురు లేదు. "నీరు తిరిగిందమ్మా, ఇప్పుడు ఉత్తరానికి పోతా ఉంది," అన్నాను. ఆ లెక్కన బర్మా. బర్మా నుంచీ కబురు రాలేదు. అక్కడ పట్టుబడితే జైల్లో పెడతారు, ఉత్తరాలు రానివ్వరు అన్నాను. ఏ సంగతి ఎదురొచ్చినా దానికి సరిపోయేట్టు నా లెక్కలో ఒక మర తిప్పేదాన్ని. మా అమ్మ ప్రతి ఫోనులోనూ అన్నం తిన్నావా అని అడిగాక రెండో ప్రశ్న అదే అడిగేది. నీరు ఎటు పోతా ఉంది.

అసలు చదువులో నేను చేస్తున్నదీ అదే. ఈ విశ్వం వ్యాపిస్తూ ఉంది. ఆ వ్యాపించడం రానురాను నెమ్మదించాల్సింది పోయి జోరందుకుంటోంది. ఎందుకో ఎవరికీ తెలియదు. తెలియనిదానికి డార్క్ ఎనర్జీ అని పేరు పెట్టుకున్నారు. మా సార్ నరేంద్రబాబు గారు చాలా ఏళ్ళ కిందట ఒక ఆలోచన చేశారు. కొత్త శక్తీ లేదు పాడూ లేదు, మహా దూరాల్లో గురుత్వమే తన తీరు మార్చుకుంటోంది అని. దాన్ని పెంచి పెద్దచెయ్యడం నా పని. పేలిపోయిన నక్షత్రాల లెక్కతో పేచీ వస్తే ఒక మర తిప్పాం. గెలాక్సీల లెక్కతో వస్తే ఇంకొకటి బిగించాం. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు, ఎవరేమన్నా మాకది అందంగానే కనబడేది.

ఇక తాడు సంగతి. నాయన పోయిన నలభయ్యో రోజున నేను చెన్నై రైలు కోసం కావలి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటే ముత్యాలయ్య మామ వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. దక్షిణాన ఎక్కడో తన వలలో నీలం డబ్బా ఒకటి తగిలిందని, దానికి ఈ తాడు ఉందని చెప్పాడు.

ఒంటరిగా పోయేటప్పుడు మావాళ్ళు తాడు ఒక కొస నడుముకి చుట్టుకుని ముడేస్తారు, రెండో కొస ఖాళీ డబ్బాకి కడతారు. పడవ తిరగబడితే ఆ డబ్బాయే మనిషిని తేలుస్తుంది. ఏ ఓడవాళ్ళో పైకి లాగితే ముడి విప్పుకుంటాడు. విప్పుకునే ఓపిక లేకపోతే లాగినవాళ్ళు కత్తితో కోస్తారు. మామ తెచ్చిన తాడులో నడుముకి చుట్టే చుట్టు చుట్టులాగే ఉంది. కోయలేదు. ముడీ విప్పలేదు. బతికి బయటపడ్డ మనిషి తాడు అట్లా ఉండదు. ఆ ముడి మా నాయనది. ఆయనది ఎడమచేతి వాటం. అందరూ కుడికి తిప్పేచోట ఆయన ఎడమకి తిప్పి, ఒక మెలిక ఎక్కువ వేసేవాడు. పాలెంలో ఆ ముడి విప్పడం వచ్చినవాళ్ళు ఇద్దరే, మా అమ్మా నేనూ. అది చేతకాక చిన్నప్పుడు ఉక్రోషంతో ఏడ్చేవాడు కృష్ణ.

"సముద్రంలోంచి వచ్చిన తాడు ముడితో ఇంట్లోకి పోగూడదు తల్లీ," అన్నాడు మామ. "నాకు విప్పడం రాలా. మీ అమ్మ చేత విప్పించు. ఇంతకన్నా చెప్పమంటే నాకు నోరు రాదు."

రైలు వచ్చింది. నేను గుడ్డసంచీతో సహా ఎక్కేశాను. చెప్తాలే, ఈసారి వచ్చినప్పుడు చెప్తాలే అనుకుంటూనే రెండేళ్ళు గడిపాను. అడిగినప్పుడల్లా నీరు ఎటు పోతోందో చెప్పాను. ముత్యాలయ్య మామ ఎదురుపడ్డప్పుడల్లా తల దించుకునేవాడు. ఆ రోజు పడవెక్కని సిగ్గుతో ఆయన నన్ను నిలదీయలేకపోయాడు. ఆ సిగ్గును నేను వాడుకున్నాను.

ఇంటికొచ్చిన మర్నాడు అమ్మ వెంట ఒడ్డుకి వెళ్ళాను. పడవలు తిరిగొచ్చే వేళకి అమ్మ రోజూ చెంబుతో గంజీ, భుజాన నాయన తువ్వాలూ వేసుకుని వెళ్ళి నిలబడుతుంది. రెండేళ్ళలో జ్వరం వచ్చిన నాడు కూడా మానలేదు. మొదట్లో ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు, తర్వాత జాలిపడ్డారు, ఇప్పుడు పక్కకి జరిగి దారి ఇస్తున్నారు. పడవలన్నీ వచ్చి, చేపల బుట్టలన్నీ లేచి, ఒడ్డు ఖాళీ అయ్యాక అమ్మ చెంబు నిండా ఉన్నది ఉన్నట్టే వెనక్కి తెస్తుంది.

"నీరు ఎటు పోతా ఉంది పాపా ఇప్పుడు?" అంది నడుస్తూ.

"దక్షిణానికమ్మా. ఈ నెల్లోనే తిరిగింది."

"అంటే బర్మా దిక్కు నుంచి ఇటు రావడానికి వీలే."

"వీలే," అన్నాను.

ఆ సాయంత్రం గుంటల దగ్గర కృష్ణకి అన్నం ఇవ్వడానికి వెళ్ళాను. వాడు క్యారియర్ మూత తియ్యకుండా పక్కన పెట్టాడు.

"ఒకటి అడగతా, నిజం చెప్పు. నాయన ఉండాడని నువ్వు నమ్మతా ఉండావా?"

"లెక్క ప్రకారం వీలుందిరా."

"లెక్క కాదక్కా. నువ్వు."

నేను గాలిచక్రాల వైపు చూశాను. వాడు క్యారియర్ దగ్గరికి లాక్కున్నాడు. "నాకు వంతు కోసమని అనుకుంటా ఉంటావు," అన్నాడు అన్నం కలుపుకుంటూ. "వంతు లేకపోతే బెంగుళూరు పోయి ఇటుకలు మోస్తా. అమ్మని ఆ ఒడ్డున అట్టా చూడలేక అడగతా ఉండా."

ఆ రాత్రి నుంచే వాన పట్టుకుంది. ఆ వారమంతా థీసిస్ పేరుతో కంప్యూటర్ ముందు పెట్టుకుని ఒక్క పేజీ రాయలేదు. కారణం వాన కాదు. ఆగస్టు నుంచీ మా చదువువాళ్ళలో ఒక పుకారు తిరుగుతోంది. రెండు న్యూట్రాన్ తారలు ఒకదాన్నొకటి చుట్టుకుని గుద్దుకున్నాయని, ఆ గురుత్వ తరంగం భూమ్మీద దొరికిందని, దాంతోపాటు వెలుగు కూడా దొరికిందని. అది నిజమైతే మా మీద తీర్పు వచ్చేసినట్టే. మా సిద్ధాంతం ప్రకారం గురుత్వ తరంగం వెలుగు కన్నా రవ్వంత నిదానంగా నడవాలి. పదివేలకి ఒక వంతు నిదానం. ఆ తారలున్న దూరానికి అది చిన్న సంగతి కాదు. వెలుగు ముందొచ్చాక, తరంగం పదమూడు వేల ఏళ్ళు ఆగి రావాలి.

అక్టోబరు పదహారున, దీపావళికి మూడు రోజుల ముందు, సాయంత్రం ఏడున్నరకి ప్రకటన అన్నారు. పాలెంలో ఫోనుకి సిగ్నల్ సరిగా అందేది తుఫాను షెల్టర్ మెట్లమీదే. గొడుగు వేసుకుని అక్కడ కూర్చున్నాను. బొమ్మ ఆగి ఆగి వస్తోంది. తెల్లకోటు వేసుకున్నవాళ్ళూ సూట్లు వేసుకున్నవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు నవ్వుతూ మాట్లాడుతున్నారు. తెరమీద రెండు గీతలు వేశారు. పైది తరంగం, కిందది వెలుగు. పదమూడు కోట్ల ఏళ్ళు నడిచొచ్చాయి రెండూ. ముందు తరంగం అందింది. తర్వాత ఒకటీ పాయింట్ ఏడు సెకన్లకి వెలుగు అందింది.

పదమూడు వేల ఏళ్ళు ఎక్కడ, రెండు సెకన్లు ఎక్కడ. ఎంత సర్దినా ఆ సందులో మా సిద్ధాంతం పట్టదు. నవ్వాలో ఏడవాలో తెలియక తడిసిన మెట్టుమీద కూర్చుండిపోయాను.

కాసేపటికి నరేంద్రబాబు గారే ఫోను చేశారు. ఆయనది కోవూరు, వరి పండించే ఇల్లు. ఇన్నేళ్ళ చెన్నై కాపురం ఆయన మాటని మార్చలేదు.

"చూసినావా గంగాభవానీ?"

"చూశాను సార్."

"పోయిందమ్మా మనది."

"సార్, మన సమీకరణంలో ఆ మూడో పదం ముందున్న సంఖ్యని సున్నాకి దగ్గరగా తెస్తే తరంగం వేగం వెలుగుతో సమానమవుతుంది. అప్పుడు మనది నిలబడుతుంది గదా."

"నిలబడతది," అన్నారు. "ఆ సంఖ్య తీసేస్తే దాంట్లో డార్క్ ఎనర్జీని వివరించేది ఏం మిగలతది చెప్పు. మా నాయన కల్లంలో తూర్పార పట్టేవాడు. గాలికి పొల్లు ఎగిరిపోతా ఉంటే చిన్నప్పుడు నేను ఏడ్చేవాణ్ణంట, మన వడ్లన్నీ పోతా ఉండాయని. పోయింది వడ్లు కాదురా అనేవాడు. పన్నెండేళ్ళు మోసినానమ్మా ఈ మూట. గాలి ఇవాళ వచ్చింది. మళ్ళీ గోనెలోకి ఎత్తబాక."

ఆయన గొంతు బాగానే ఉంది. చివర్లో మాత్రం ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. థీసిస్ సంగతి తర్వాత చూద్దాం, పండగ చేసుకోమన్నారు.

మర్నాడు మధ్యాహ్నం వాన కాస్త తెరపిచ్చింది. అమ్మ అప్పుడే ఒడ్డు నుంచి నిండు చెంబుతో తిరిగొచ్చి, వసారాలో చాపమీద ఎండు నెత్తళ్ళు పోసుకుని ఆ చేపల తలలు గిల్లుతోంది. నేనూ ఎదురుగా కూర్చుని గిల్లుతున్నాను.

"నిన్నట్నుంచి మొహం అట్టా ఉందేం పాపా?" అంది.

"ఐదేళ్ళు చేసిన పని తప్పని తేలిందమ్మా."

"ఎవురన్నారు తప్పని?"

"ఎవురూ అనలా. ఆకాశంలోనే తేలింది."

అమ్మ చెయ్యాగింది. వివరంగా చెప్పమన్నట్టు చూసింది. నేను రెండు నెత్తళ్ళు తీసి చాప కొసన పక్కపక్కన పెట్టాను.

"ఇవి రెండూ శానా దూరంలో ఒక్క చోట్నుంచి, ఒక్క గడియలో బయల్దేరినాయి. దార్లో ఇది వెనకబడతదని నేను లెక్క కట్టినా. వేల ఏళ్ళు వెనకబడతదని."

"మరి?"

"రెండూ ఒకేసారి వచ్చినాయి."

అమ్మ ఆ రెండు నెత్తళ్ళ వంక చూసి, చాలా రోజుల తర్వాత నవ్వింది. "కలిసి బయల్దేరినోళ్ళు కలిసి ఇల్లు చేరితే నీకేం కష్టం వచ్చిందమ్మా," అంది.

నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం మళ్ళీ పనిలో పడ్డాం. ఇంకో గుప్పెడు తలలు గిల్లాక అమ్మ తలెత్తకుండానే అడిగింది.

"మీ నాయన లెక్క కూడా నువ్వు కట్టిందే గదా."

"ఊ."

"అది తప్పో ఒప్పో ఇట్టా చూడటానికి ఏమన్నా ఉందా?"

లేదని చెప్పబోయాను. సముద్రం అంత పెద్దది, దానికి అట్లాంటి పరీక్షలు ఉండవు అనబోయాను. చూరు నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి. చెంబు అమ్మ పక్కనే ఉంది, మీద మూతగా తువ్వాలు కప్పి ఉంది.

"ఉందమ్మా," అన్నాను.

లోపలికి వెళ్ళి పెట్టె తెరిచాను. పుస్తకాలు ఒక్కొక్కటే తీసి కింద పెట్టాను. చున్నీ మూట పట్టుకొచ్చి చాపమీద పెట్టాను. అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని మూట విప్పింది.

తాడుని గుర్తుపట్టడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. వేలితో ముడిని తడిమింది. రెండు చేతులూ చుట్టులోకి దూర్చి వెడల్పు చేసి పట్టుకుంది.

"ఆయన నడుమే," అంది.

ముడిని వెలుగులోకి తిప్పి చూసింది.

"విప్పలా."

"లేదమ్మా."

"కొయ్యనూ లా."

అది ప్రశ్న కాదు. సముద్రం ఒడ్డున పుట్టి సముద్రం ఒడ్డునే మనువాడిన మనిషికి ఆ పైన ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. వెడల్పు చేసిన చుట్టులోంచి ఆమె చాపని చూస్తూ ఉండిపోయింది.

"ఎప్పుడు దొరికింది?"

"నలభయ్యో రోజున. ముత్యాలయ్య మామ వలకి."

"ఆ యేడేనా?"

"ఆ యేడే."

అమ్మ తాడు ఒళ్ళో పెట్టుకుంది. "అయితే రెండేళ్ళూ నీ పెట్టెలోనే ఉండాడా మీ నాయన," అంది.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా, నా జుట్టు పట్టుకుని నాలుగు బాదినా నాకు ఎంతో తేలిగ్గా ఉండేది. కాళ్ళు పట్టుకోబోయాను. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది, అంతే.

ముడి ఉప్పు పట్టి రాయిలా బిగిసిపోయింది. గోళ్ళకి లొంగలేదు. అమ్మ చెంబుమీది తువ్వాలు తీసి, పొద్దున ఒడ్డుకి పట్టుకెళ్ళి వెనక్కి తెచ్చిన గంజిని ముడిమీద కొంచెం కొంచెంగా పోసింది. ఉప్పు కరిగేదాకా పోసింది. అప్పుడు ఎడమకి మెలి తిప్పి, ఎక్కువున్న మెలిక వదులు చేసి, కొస లాగింది. ముడి విడిపోయింది. నేను పక్కనే ఉన్నాను, నాకూ విప్పడం వచ్చు. నన్ను సాయం పట్టమని ఆమె అడగలేదు.

మర్నాడు పడవలు వచ్చే వేళకి అమ్మ ఎప్పట్లాగే చెంబు నింపుకుని వెళ్ళింది. కృష్ణా నేనూ వెనకే వెళ్ళాం. ముత్యాలయ్య మామ పడవ ఒడ్డుకి తగిలి, ఆయన కాలు దించగానే అమ్మ ఎదురెళ్ళి చెంబు చాచింది.

"తాగన్నా."

ఆయన అమ్మని చూశాడు, నన్ను చూశాడు. చెంబు రెండు చేతులతో అందుకుని గటగటా తాగాడు. గంజి గడ్డం మీదుగా కారింది, కళ్ళలోంచి వచ్చింది కూడా దాంట్లోనే కలిసిపోయింది. కాపులు ముగ్గురు వలల దగ్గర కూర్చుని ఉన్నారు. అమ్మ వాళ్ళ ముందుకెళ్ళి నిలబడి, తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుంది.

"పోయినాడు," అంది.

వినబడిందో లేదోనని ఒక పెద్దాయన తలెత్తాడు. అమ్మ రెండోసారి అనలేదు, అవసరం కూడా లేదు. దీపావళి ముందురోజు అది. పాలెంలో ఆ ఏడాది పిల్లలు కూడా టపాసులు కాల్చలేదు.

నాలుగోరోజున ఒడ్డుకి ఎగువన ఇసుకలో బొమ్మని పడుకోబెట్టారు. దర్భ వదులైపోయి విడిపోతుంటే ముత్యాలయ్య మామ ఆ తాడు తెచ్చి బొమ్మ నడుముకి చుట్టబోయాడు.

"కట్టబాకన్నా," అంది అమ్మ. "ఊరికే పైన వెయ్యి. పోనీ."

మామ తాడుని అట్లాగే పొడుగ్గా బొమ్మమీద పరిచాడు. కృష్ణ నిప్పు పెట్టాడు. దర్భ ఒక్క ఊపున మండిపోయింది. నైలాను తాడు మాత్రం నల్లటి పొగ కక్కుతూ, బొట్లు బొట్లుగా ఇసుకలోకి కారుతూ చాలాసేపు కాలింది. ఆ వాసన ఇంటికొచ్చి స్నానం చేసినా నా జుట్టులోంచి పోలేదు.

పున్నమి వెళ్ళాక కృష్ణకి పెద్దవలలో వంతు ఇచ్చారు. వాడు మళ్ళీ పడవెక్కిన మొదటిరోజు అమ్మ ఒడ్డుకి రాలేదు. ఆ తర్వాతా ఎప్పుడూ రాలేదు. నాతో మాట్లాడటం మానలేదు, అన్నం పెట్టడం మానలేదు. తలకి నూనె రాయించుకుందామని దగ్గరికెళ్ళి కూర్చుంటే రాసేది కూడా. ఏదో ఒకటి మాత్రం మా ఇద్దరి మధ్యనుంచి లేచి వెళ్ళిపోయింది, అది మళ్ళీ రాలేదు.

థీసిస్ మరుసటి ఏడు ఇచ్చాను. ఆ ఒకటీ పాయింట్ ఏడు సెకన్లకి ఏయే సిద్ధాంతాలు పోయాయో చెప్పే అధ్యాయం ఒకటి రాసి, ఆ జాబితాలో మొదట మాదే పెట్టాను. చదివి నరేంద్రబాబు గారు ఒక్క దిద్దుబాటు కూడా చెయ్యలేదు. ఇప్పుడు నేను చేస్తున్న పని కూడా ఆ తరంగాలతోనే. ఎక్కడో తారలు గుద్దుకుంటే, వచ్చిన అల బలాన్ని బట్టి అవి ఎంత దూరాన ఉన్నాయో కట్టి, విశ్వం ఎంత జోరుగా వ్యాపిస్తోందో లెక్కగట్టడం. మరలు తిప్పే పని కాదు. వచ్చిందాన్ని వచ్చినట్టు రాసుకోవడమే.

అమ్మకి వారానికి రెండుసార్లు ఫోను చేస్తాను. అన్నం తిన్నావా అంటుంది. అక్కడ వానలా అంటుంది. కృష్ణ వలలో ఏం పడ్డదీ, కోడలు ఏం వండిందీ చెబుతుంది. నీరు ఎటు పోతా ఉందని మాత్రం అడగదు. ఏటా అక్టోబరులో నాకే నోటిదాకా వస్తుంది, నీరు దక్షిణానికి తిరిగిందమ్మా అని. చెప్పబోయి ఆగిపోతాను. అవతల అమ్మ కూడా ఒక క్షణం, రెండు క్షణాలు ఏమీ మాట్లాడదు. ఆ తర్వాత, "సరే పాపా, ఉంటా," అని పెట్టేస్తుంది.